దీపస్తంభానికి సున్నం

ఇలా రా అమ్మడూ, నా పక్కకి జరుగు. తల నిండా కప్పుకోకు, ఊపిరాడదు. ఇవాళ రాజుల కథ లేదు, రాక్షసుల కథ లేదు. ఇవాళ సున్నం కథ. ఏం, నవ్వుతావేం? సముద్రం కథ కావాలని పొద్దున్నుంచీ నా ప్రాణం తీసింది నువ్వే కదా! సముద్రం కథలన్నీ నవ్వొచ్చేవే ఉంటాయా ఏం? ఊఁ కొడుతూ విను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. నలభై గడపల ఊరు. ఊరివాళ్ళందరిదీ వేట. వేటంటే అడవిలో పులుల వేట కాదులే, సముద్రం మీద చేపల వేట. తెల్లారకుండా పడవలేసుకుని పోవడం, మధ్యాన్నానికి తిరిగి రావడం.

ఆ ఊరి పక్కన ఒక ఏరు వచ్చి సముద్రంలో కలిసేది. ఆ కలిసేచోటుని మొగ అంటారు. పడవలు ఆ మొగలోంచే పోవాలి, ఆ మొగలోంచే రావాలి. దానికి ఒక పక్క ఇసకతిప్ప, ఇంకో పక్క నల్లరాళ్ళు. మధ్యలో దారి రెండు పడవల వెడల్పు ఉంటే ఎక్కువ.

మరి అంత సముద్రంలోంచి అంత సన్నదారి ఎలా కనిపెడతారు? దానికే దీపస్తంభం. దొరల కాలంలో కట్టారట. తాటిచెట్టుకి రెండింతల ఎత్తు. దాని వెనకాల సరుగుడు తోట నల్లగా ఉండేది, ముందు ఇది తెల్లగా ఉండేది. పైన ఒకప్పుడు పెద్ద దీపం కూడా వెలిగేదట. ఆ తర్వాత సర్కారువాళ్ళు దూరంగా రేవులో కొత్త దీపం పెట్టుకుని, ఇక్కడి దీపం విప్పుకుపోయారు. దీపం పోయినా స్తంభం ఉంది కదా! పగలు వచ్చే పడవలవాళ్ళు దాన్నే ముక్కుకి సూటిగా పెట్టుకుని తెడ్డు వేసేవాళ్ళు. అలా వేస్తే పడవ సరిగ్గా మొగలోకి వచ్చేది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. దీపావళి ముందు ప్రతి ఇంటివాళ్ళూ ఒడ్డున గుల్లలు ఏరి, కాల్చి, సున్నం చేసి, కుండలో నానబెట్టి ఇంటి గోడలకి కొట్టుకునేవాళ్ళు. కానీ ఏ ఇంటి మనిషినైనా సముద్రం తీసుకుపోయి, శవం కూడా తిరిగి ఇవ్వకపోతే, ఆ ఏడు ఆ ఇంటికి సున్నం లేదు. ఆ ఇంటి సున్నం దీపస్తంభానికి పోయేది. ఊళ్ళో మగాళ్ళందరూ నిచ్చెనలు వేసి, తాళ్ళు కట్టి, కొసదాకా కొట్టిపెట్టేవాళ్ళు. తిరిగిరానివాడికి దారి కనపడాలని.

ఏటా ఎవరో ఒకరు పోయేవాళ్ళు. ఏటా స్తంభం తెల్లబడేది. ఆ ఊళ్ళో తెలుపంటే అలాంటి తెలుపమ్మా.

ఆ ఊళ్ళోనే అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు ఎర్రయ్య. ఒకనాడు తెల్లారగట్ల “పులుసు పెట్టుంచే, బేగి వొచ్చెత్తాను” అని చెప్పి వేటకి వెళ్ళాడు. పులుసు చల్లారిపోయింది, మనిషి రాలేదు. ఒకరోజు చూశారు, రెండు రోజులు చూశారు, మూడు రోజులు చూశారు. పడవ చెక్క ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది, అంతే.

ఆ ఏడు అసిరమ్మ ఇంటి సున్నం దీపస్తంభానికి కొట్టారు. మిగతావాళ్ళ మొగుళ్ళు పోతే ఊరి చివర ఒక మట్టిదిబ్బైనా ఉంటుంది, పోయి ఏడవడానికి. ఆమెకి అదీ లేదు. అందుకని ఆ స్తంభమే తన మొగుడున్న చోటు అనుకునేది. ప్రతి అమావాస్యకీ పోయి దాని మొదట్లో ఒక చుట్ట పెట్టేది. ఎర్రయ్య చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాడులే, అక్కడి జనం చాలామంది అలాగే కాలుస్తారు. నీకు రోత అయితే కళ్ళు మూసుకో. చుట్ట పెట్టి, “ఇంత ఆలీసమేటి నీకు?” అని కాసేపు పోట్లాడి ఇంటికొచ్చేది.

ఇప్పుడు విను, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎర్రయ్య తర్వాత ఏడేళ్ళపాటు సముద్రం ఎవర్నీ తీసుకోలేదు. గాలివానలు వచ్చాయి, పోయాయి. వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చారు. ఊరు చల్లగా ఉంది. మంచిదే కదా? మంచిదే. కానీ ఎవరూ పోలేదు కాబట్టి స్తంభానికి ఎవరి సున్నమూ లేదు. ఒక వానకి పాలిపోయింది, రెండో వానకి పెచ్చులూడింది, ఆ తర్వాత నాచు పట్టి నల్లగా మసిగుడ్డలా తయారైంది.

ఎవరో ఒకరు ఊరికే కొట్టొచ్చు కదా అంటావా? అమ్మో! చావులేని ఇంటి సున్నం ఆ గోడకి తగిలితే, “ఓహో, ఈ ఇల్లు నన్ను పిలుస్తోంది” అని సముద్రం అనుకుంటుందట. అదీ వాళ్ళ భయం. నవ్వకు. నీళ్ళ మీద బతికేవాళ్ళ భయాలు నేల మీద వాళ్ళకి అర్థం కావు.

అప్పుడు దీపావళికి పదిరోజుల ముందు జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. స్తంభం చుట్టూ తిరిగాడు. చేత్తో గీరాడు. ఊరి పెద్ద దానయ్యని పిలిచాడు. “ఇది ఎవరికీ అక్కర్లేనట్టుంది. ఎవరి నెత్తినైనా పడితే మాకు తలనొప్పి. కూల్చి రాళ్ళు రోడ్డుకి వేయిస్తాం. కాదు, మాకు కావాలీ అంటారా, కార్తీకం వెళ్ళేలోగా ఊరే బాగుచేసుకుని సున్నం కొట్టుకోవాలి. నేను మళ్ళీ వచ్చి చూస్తాను” అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట అసిరమ్మ చెవిన పడింది. స్తంభం పోతే ఇక ఎర్రయ్యకి ఈ భూమ్మీద చోటే లేదు కదా! అప్పుడు కొంగు నడుముకి దోపుకుని బయల్దేరింది. అన్ని ఇళ్ళలోనూ సున్నం నానుతోంది. ఇంటికో చెంబుడు ఇస్తే చాలు.

ముందు ఊరి పెద్ద దానయ్య ఇంటికెళ్ళింది. దానయ్య ముసలాడు, మంచివాడు. తల గోక్కున్నాడు. “అసిరమ్మా, నీ బాధ నాకు తెల్దేటి? గానీ ఏడేళ్ళుగా ఊరు సల్లగుంది. కోరి కొరివితో తల గోక్కోమంటావేటి?” అన్నాడు. ఇవ్వలేదు.

తర్వాత నీలయ్య ఇంటికెళ్ళింది. నీలయ్య కూతురికి పెళ్ళి కుదిరింది, గుమ్మానికి అప్పుడే పసుపు రాశారు. అసిరమ్మ నోరు తెరవకముందే నీలయ్య పెళ్ళాం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే ఆ సున్నం మాట ఇక్కడెత్తకు తల్లీ” అంది. ఇవ్వలేదు.

ఆ తర్వాత తమ్ముడి ఇంటికెళ్ళింది. తమ్ముడు గురువులు. తల్లి పోతే అసిరమ్మే చంకనేసుకు పెంచింది వాణ్ణి. వాడు ఆమెని అప్పా అని పిలిచేవాడు. అప్ప అంటే అక్క. వాడి పెళ్ళాం సూరాలుకి అప్పుడు ఆరో నెల. కుండలో సున్నం పాలలా తేరుకుని ఉంది. అసిరమ్మ దాని వంక చూసేసరికి సూరాలు రెండు చేతులూ కడుపుమీద పెట్టుకుంది. “వదినా, నీ కాళ్ళు మొక్కుతాను. కడుపుతో ఉన్నదాన్ని. చావు సున్నం నా ఇంటి గడప దాటించకు” అని ఏడ్చింది.

గురువులు మాత్రం నవ్వాడు. “దానికి పిరికి అప్పా. గుంటడు పుట్టనీ, నానే కొసకంటా ఎక్కి కొడతాను” అన్నాడు. వాడూ ఇవ్వలేదు.

అసిరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళో పెట్టుకుని పెంచినవాడు కూడా చెంబుడు సున్నం ఇవ్వలేదే అని. ఇక్కడ ఒక మాట చెప్తాను అమ్మడూ, గుర్తుపెట్టుకో. మూడు ఇళ్ళలోనూ ఆమె “నా మొగుడి చోటు పోతాది, సాయం సెయ్యండి” అనే అడిగింది. పోయినవాడి కోసమే అడిగింది. “రేపు మీ పడవలు ఏం చూసుకుని ఇంటికొస్తాయి?” అని అడగలేదు. ఆమెకే ఆ ఆలోచన తట్టలేదు. ఏడేళ్ళుగా పడవలు తిరిగొచ్చే వేళకి ఎండ బాగా ఉండేది, నల్లగా ఉన్నా దగ్గరికొచ్చాక స్తంభం ఎలాగో కనపడేది. అందుకని అందరూ మర్చిపోయారు.

అప్పుడు ఏం చేసింది? తన సున్నం తనే తీసుకుని ఒక్కతే వెళ్ళింది. ఒకరోజు నాచు గీకింది. రెండోరోజు బీటల్లో మన్ను కూరింది. మూడోరోజు సున్నం కొట్టింది. కానీ ఎంత ఎత్తు కొడుతుంది? ఇంట్లో ఉన్న చిన్న నిచ్చెన అందినంత. స్తంభానికీ సముద్రానికీ మధ్యనున్న ఇసకదిబ్బ అంత ఎత్తూ ఉంటుంది. ఆమె కొట్టిన తెలుపు ఊరికి కనపడింది గానీ సముద్రానికి కనపడలేదు. ఊళ్ళోవాళ్ళు చూసి, పిచ్చిది అనుకుని పోయారు.

ఊఁ కొట్టడం మానేశావేం? వింటున్నావా? సరే.

ఆ తర్వాత దీపావళి ఇంకా రెండు రోజులుందనగా ముసురు పట్టింది. గాలి లేదు, ఉరుము లేదు. ఆకాశం, సముద్రం, తోట అన్నీ ఒకే బూడిదరంగు. అప్పటికే మూడు పడవలు వేటకి వెళ్ళిపోయాయి. నీలయ్య పడవ, గురువులు తెప్ప, దానయ్య పడవ. గురువులు తన చిన్న తెప్ప మీద ఒక్కడే వెళ్ళాడు.

మధ్యాన్నమైంది. ఆడవాళ్ళందరూ ఒడ్డుకి చేరారు. కేకలేశారు. గిన్నెలు వాయించారు. చేతులూపారు. సముద్రం హోరులో ఎవరికి వినపడుతుంది?

ముందు నీలయ్య పడవ వచ్చింది. దారి తప్పి ఇసకతిప్ప ఎక్కి రెండు ముక్కలైంది. మనుషులు ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. నీలయ్య ఉప్పునీళ్ళు కక్కుకుంటూ, “తంబం ఏదీ? తోటలో కలిసిపోనాది, కనపడనేదు!” అని నెత్తి కొట్టుకున్నాడు.

ఆ మాటతో తెలిసింది అసిరమ్మకి, ఆ గోడ ఎవరికోసమో. ఇంటికి పరిగెత్తి తెల్ల దుప్పటి ఒకటి లాక్కుని స్తంభంలోకి దూరింది. లోపల మెట్లు సగం విరిగిపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద పాకి, గోళ్ళు ఊడిపోతున్నా ఎక్కింది. కొసకెళ్ళి దుప్పటి బయటికి జారవిడిచింది.

విడిచి, కిందికి చూసింది. గురువులు తెప్ప అప్పటికే నల్లరాళ్ళ మీద ఉంది. ఒక అల వచ్చింది, తెప్ప లేచింది. ఇంకో అల వచ్చింది, తెప్ప విరిగింది. మూడో అల తర్వాత అక్కడ ఏమీ లేదు. “ఓరి గురువులూ! ఓరి తమ్ముడా!” అని ఆమె అంత ఎత్తునుంచి అరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది తల్లీ.

అప్పుడు దానయ్య పడవ వచ్చింది. అదీ రాళ్ళ వైపే పోతోంది. దుప్పటి కనపడింది. పడవ ముక్కు తిరిగింది. దుప్పటికి సూటిగా, మొగలోంచి, క్షేమంగా లోపలికి వచ్చేసింది. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ అది చూశారు.

గురువులు దొరకలేదు. ఒకరోజు చూశారు, రెండు రోజులు చూశారు, మూడు రోజులు చూశారు. ఆ ఏడు ఆ ఊళ్ళో ఎవరూ దీపాలు పెట్టలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, ఆచారం ప్రకారం సూరాలు ఇంటి సున్నం దీపస్తంభానికి పోవాలి. ఎవరు పట్టుకుంటామన్నా ఆ పిల్ల ఇవ్వలేదు. కడుపు మోసుకుంటూ, కుండ మోసుకుంటూ తనే వచ్చింది. మగాళ్ళు నిచ్చెనలు తెచ్చారు. ఊరంతా చేరింది. సూరాలు కుండ దించి, తల పైకెత్తి ఆ నల్లగోడ వంక చూసింది. తర్వాత అందరి మొహాల వంకా చూసింది.

“ఒక్క మాట సెప్పండి” అంది. “నాను ఆ రోజే సున్నం ఇచ్చుంటే, ఇది తెల్లగుంటే, ఆయనకి కనపడీదా?”

నీలయ్య తల దించుకున్నాడు. అప్పుడు సూరాలు అసిరమ్మ వైపు తిరిగింది. “వదినా, నువ్వు సెప్పు. నువ్వు అబద్ధం ఆడవు.”

అసిరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. ఇవ్వనిది ఎవరు? గడప దాటించకన్నది ఎవరు? పోయింది ఎవరనుకున్నావు, తను చంకనేసుకు పెంచిన తమ్ముడు! ఆ మాట నోటిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసింది. కళ్ళు లోపలికి పీక్కుపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“నేదే పిల్లా” అంది అసిరమ్మ. “ఆ ముసురులో ఏటి కనపడతాది? పాలతో కడిగినా కనపడీది కాదు.”

దుప్పటి చూసుకుని బతికొచ్చిన దానయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. అసిరమ్మ అతని వంక ఒక్క చూపు చూసింది. ముసలాడికి అర్థమైంది. “ఔనమ్మా, కనపడీది కాదు” అన్నాడు. నీలయ్య కూడా “కనపడీది కాదు” అన్నాడు. అలా ఒకరి తర్వాత ఒకరు ఊరు ఊరంతా అదే మాట అంది. అంతమంది కలిసి ఒక అబద్ధం ఆడటం నేనైతే ఇంకెక్కడా వినలేదు.

ఆ తర్వాత దానయ్య ఏమీ మాట్లాడకుండా ఇంటికెళ్ళాడు. తన సున్నం కుండ నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ పోలేదు కదా! అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎందుకు తెచ్చావని అడిగితే ఏం చెప్తాడు? అసలు కారణం ఆ పిల్ల ముందు చెప్పగలడా? అందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అప్పుడు నీలయ్య పెళ్ళాం వెళ్ళి పెళ్ళింటి సున్నం తెచ్చింది. ఆ తర్వాత నలభై ఇళ్ళవాళ్ళూ తెచ్చారు. వణుకుతూనే తెచ్చారు. అన్నీ ఒక్క గాబులో పోసి కలిపేశారు. ఇక ఏ ఇంటిదేదో సముద్రానికి తెలిసేదెలా?

మూడు రోజులు కొట్టారు. మెట్లు కట్టారు, బీటలు పూడ్చారు, కొసకంటా తెల్లగా చేశారు. ఎవరూ పాట పాడలేదు, ఎవరూ నవ్వలేదు. కార్తీకం వెళ్ళేలోగా జీపు వచ్చింది. ఆఫీసరు తలెత్తి చూశాడు. “మరి ముందే ఈ పని చేసుండొచ్చు కదా” అన్నాడు. అతనికేం తెలుసు పాపం, తెలియక అన్నాడు. అందరూ నేల చూపులు చూశారు. అతను కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. స్తంభం ఉండిపోయింది.

అప్పట్నుంచి ఏటా ఇంటికో చెంబుడు సున్నం. చావున్నా, లేకపోయినా. పిల్లలు ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు “ఊరికే” అనేవాళ్ళు. మరి సముద్రం మనుషుల్ని తీసుకోవడం మానేసిందా అంటావా? అదెందుకు మానుతుంది! దూరంలో పోయినవాళ్ళు పోతూనే ఉన్నారు. మొగ దాకా వచ్చినవాళ్ళు మాత్రం ఇంటికొచ్చారు. అంతే దక్కింది ఆ ఊరికి.

చాలా ఏళ్ళు గడిచాయి. అసిరమ్మ ముసలిదై మంచాన పడింది. చేసేవాళ్ళెవరు? సూరాలే. గంజి తాగించేది, తల దువ్వేది. ఒకనాడు సాయంత్రం మూతి తుడుస్తూ తుడుస్తూ, “వదినా, ఆ రోజు ఒడ్డున నానూ ఉన్నాను. నీ దుప్పటి సూసి పడవ తిరగడం నానూ సూసినాను” అంది.

అసిరమ్మ మొహం ఆమె వైపు తిప్పింది. తర్వాత అడిగింది. “మరి తెలిసీ ఎందుకడిగినావే, అందరి ముందూ?”

“నువ్వు ఔనంటే ఆ రాళ్ళలోకే పోదామనుకున్నాను వదినా, కడుపుతో సహా. నువ్వు కాదన్నావు. ఊరంతా కాదంది. ఇంతమంది నన్ను ఉండమంటన్నారు కాబోలు అనుకున్నాను. ఉండిపోనాను.”

అప్పుడు అసిరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్లేమిటి, అప్పటికి దానికీ తల నెరిసింది. “ఔననే అందామనుకున్నానే” అని ఏడ్చింది. “నాలిక సివరిదాకా వొచ్చీసింది.”

“తెలుసు వదినా” అంది సూరాలు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని గురువుల్ని తల్చుకుని ఏడ్చారు. అన్నేళ్ళకి మొదటిసారి, కలిసి.

ఏడుస్తున్నావా? ముందే చెప్పాను కదే నా తల్లీ. ఇటు తిరుగు, కళ్ళు తుడుచుకో. ఊఁ, నాతో అను.

కథ వెళ్ళింది కంచికి,
తెప్ప వచ్చింది మొగకి,
వచ్చినవాళ్ళం ఇంటికి,
రానివాళ్ళు గోడకి,
నిద్దర నీ కంటికి.